మనం తెరవని మెయిల్‌లో ఉన్న వార్త

అందరికీ నమస్కారం.

2024 జూలై చివర్లో ఒకరోజు పొద్దున్నే ఆరున్నరకి నాకు ఫోన్ వచ్చింది. ఒక ఊళ్లో పాల సేకరణ కేంద్రం చూసుకునే ఆయన చేశారు. వాళ్ల కోసం మేం చేసిన యాప్ చిన్నదే. రైతు పాలు పోయగానే ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, ఎంత డబ్బు వస్తుంది అన్నది అతని ఫోన్‌కి నోటిఫికేషన్‌గా వెళ్తుంది. "సార్, నిన్న సాయంత్రం నుంచి ఎవరికీ మెసేజ్ రావట్లేదు. లెక్క దాస్తున్నామని అనుకుంటున్నారు" అన్నారాయన.

ఆ మాటతో నా నిద్రమత్తు వదిలిపోయింది. రెండేళ్లపాటు పూటపూటకీ లెక్క చేతికి అందుతున్న మనుషులు వాళ్లు. ఒక్క పూట ఆగేసరికి క్యాన్ల పక్కన నిలబడి, పుస్తకం తీసి చూపించమని అడుగుతున్నారు. వాళ్లు అడగడంలో తప్పేముంది?

సర్వర్ లాగ్ తెరిచి చూస్తే పంపిన ప్రతి మెసేజూ ఫెయిల్ అయింది. ఫైర్‌బేస్ అనే గూగుల్ సేవ ద్వారా నోటిఫికేషన్లు పంపే పాత పద్ధతి, అంటే పాస్‌వర్డ్ లాంటి ఒక సర్వర్ కీ పెట్టి పంపేది, మేం ఇంకా అదే వాడుతున్నాం. దాన్ని ఆపేస్తున్నామని గూగుల్ 2023 జూన్ 20నే చెప్పింది. ఏడాది గడువిచ్చి, 2024 జూలైలో మెల్లమెల్లగా ఆపడం మొదలుపెట్టింది. కొత్త పద్ధతిలో కీ బదులు కొద్దిసేపే పనిచేసే టోకెన్ తీసుకోవాలి, మెసేజ్ రాసే తీరు కూడా కొంచెం మారుతుంది. రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ కేంద్రంలో ఆయన చీటీలు రాసిచ్చారు.

మరి ఏడాదిపాటు మాకెందుకు తెలియలేదు? ఫైర్‌బేస్ ప్రాజెక్ట్ మొదలుపెట్టిన కుర్రాడి జీమెయిల్ మీదే ఓనర్‌షిప్ ఉంది. అతను ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. హెచ్చరికలన్నీ అతని పాత ఇన్‌బాక్స్‌లో పడి ఉన్నాయి. మేమేమో అదే ఏడాది యాప్ రాయడానికి ఫ్లట్టర్ మంచిదా, కాట్లిన్ మంచిదా అని టీ తాగుతూ గంటలకొద్దీ వాదించుకున్నాం. మా దృష్టిలో అప్‌డేటెడ్‌గా ఉండటమంటే అదే.

అందుకే ఈ రోజు మీకు వంద వెబ్‌సైట్ల పేర్లు చెప్పడానికి రాలేదు. కొత్తగా ఏం వచ్చిందో చెప్పేవాళ్లు మీకు బోలెడంత మంది దొరుకుతారు. ఏది ఆగిపోతోంది, ఎప్పుడు ఆగిపోతోంది అన్నది మాత్రం మీరే వెతుక్కోవాలి. యాప్ చేసేవాళ్లకి అన్నిటికంటే ముందు తెలియాల్సిన వార్త అది.

అదృష్టం ఏమిటంటే ఈ వార్తలకి పంటల్లాగా సీజన్లు ఉన్నాయి. యాపిల్ జూన్‌లో డెవలపర్ సమావేశం పెడుతుంది, సెప్టెంబర్‌లో కొత్త ఐఓఎస్ వస్తుంది, మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి యాప్‌ని కొత్త ఎక్స్‌కోడ్‌తో, అంటే తన యాప్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో, బిల్డ్ చేస్తేనే తీసుకుంటామంటుంది. 2025 ఏప్రిల్‌లో ఎక్స్‌కోడ్ 16 తప్పనిసరి అయింది. గూగుల్ వైపు మేలో ఐ/ఓ అనే డెవలపర్ సమావేశం, ఆగస్టు 31కి టార్గెట్ ఎపిఐ గడువు, అంటే యాప్‌ని ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు మార్చాలో ఆ గడువు. ఆ వెర్షన్ 2024లో ఆండ్రాయిడ్ 14, 2025లో ఆండ్రాయిడ్ 15. కొన్ని మాత్రం ఈ వరుసకి బయట వస్తాయి. మెమరీని 16 కేబీ ముక్కలుగా (పేజీలుగా) వాడే ఫోన్లలోనూ యాప్ పనిచేయాలన్న నిబంధనకి గడువు 2025 నవంబర్ 1 అని పెట్టారు. మీ యాప్‌లో సి ప్లస్‌ప్లస్ లైబ్రరీలు ఉంటే అది మీకు వర్తిస్తుంది. మీరు రాయకపోయినా, మీరు వాడే ఏదో ఎస్‌డీకే (వేరేవాళ్లు రాసిచ్చిన రెడీమేడ్ కోడ్) లోపల ఉండొచ్చు. అది చూసుకోవాలి.

టార్గెట్ మార్చడమంటే గ్రేడిల్ అనే బిల్డ్ సెట్టింగ్స్ ఫైల్‌లో 34 (ఆండ్రాయిడ్ 14) తీసేసి 35 (ఆండ్రాయిడ్ 15) పెట్టడమేగా అనుకుంటాం. మా యాప్‌లోనే చేసి చూశాను. బిల్డ్ అయింది, ఒక్క ఎర్రర్ లేదు. ఆండ్రాయిడ్ 15 ఫోన్‌లో పెట్టి తెరిస్తే, కింద ఉండే "సేవ్" బటన్ సగం ఫోన్ నావిగేషన్ బటన్ల కిందికి వెళ్లిపోయింది. వేలు పెడితే ఒకసారి సేవ్ అవుతుంది, ఒకసారి హోమ్ స్క్రీన్‌కి పోతుంది. తెల్లవారుజామున తడి చేతులతో నొక్కే మనిషికి అది ఎంత నరకమో ఆలోచించండి. 35 టార్గెట్ చేస్తే యాప్ స్క్రీన్ అంచుల దాకా పరుచుకుంటుంది, ఖాళీ మనమే వదలాలి. ఈ సంగతి ఆండ్రాయిడ్ డెవలపర్స్ సైట్‌లో స్పష్టంగా రాసి ఉంది.

ప్రతి వెర్షన్‌కీ ఆ సైట్‌లో బిహేవియర్ ఛేంజెస్ అని రెండు పేజీలు ఉంటాయి. మొదటిది అన్ని యాప్‌లకీ, అంటే మీరు టార్గెట్ మార్చకపోయినా వర్తించేవి. రెండోది ఆ వెర్షన్‌ని టార్గెట్ చేసే యాప్‌లకి మాత్రమే. మొదటి పేజీ చాలామంది చదవరు. నిజానికి ముందు చదవాల్సింది అదే, ఎందుకంటే మీరు ఏమీ ముట్టుకోకపోయినా యూజర్ ఫోన్ అప్‌డేట్ అయిన రోజున ఆ మార్పు మీ యాప్‌లోకి వచ్చేస్తుంది. రెండు పేజీలూ కలిపి ఒక మధ్యాహ్నం పని. ఫోన్ పక్కన పెట్టుకుని చదవండి. డెవలపర్ ఆప్షన్స్‌లో యాప్ కంపాటబిలిటీ ఛేంజెస్ అని ఉంటుంది, ఆండ్రాయిడ్ 11 నుంచీ ఉంది. డీబగ్ బిల్డ్ మీద అక్కడ చాలా మార్పుల్ని ఒక్కొక్కటిగా ఆన్ చేసి చూడొచ్చు. ఏ మార్పు వల్ల ఏది విరిగిందో అప్పుడు తెలిసిపోతుంది.

లైబ్రరీల సంగతికొస్తే, కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో మీరు వాడే ప్రతి లైబ్రరీకీ వాచ్‌లోకి వెళ్లి రిలీజెస్ ఒక్కటే టిక్ పెట్టండి. కొత్త వెర్షన్ వస్తే మెయిల్ వస్తుంది. లైబ్రరీలు దొరికే జేసెంటర్‌ని మూసేస్తున్నామని 2021 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు చాలా ప్రాజెక్టుల వాళ్లు ఎంత కంగారుపడ్డారో నాకు గుర్తుంది. వారానికోసారి చదవడానికి ఆండ్రాయిడ్ వీక్లీ, ఐఓఎస్ వాళ్లకి ఐఓఎస్ డెవ్ వీక్లీ చాలు. అంతకుమించి చదవాలని టెన్షన్ పడకండి.

ఇక యూట్యూబ్. నేనూ అక్కడ నేర్చుకున్నవాడినే. తెలుగులో ఓపిగ్గా చెప్పేవాళ్లంటే నాకు గౌరవం. కానీ వీడియో తెరవగానే ముందు తేదీ చూడండి. సొంత పేరుతో కొత్తగా గూగుల్ ప్లే డెవలపర్ అకౌంట్ తీసుకున్నవాళ్లు యాప్ విడుదలకి ముందు క్లోజ్డ్ టెస్టింగ్, అంటే ఎంచుకున్న కొద్దిమందితో పరీక్ష, చేయాలని 2023 నవంబర్‌లో నిబంధన పెట్టారు. అప్పుడు 20 మంది టెస్టర్లు, 14 రోజులు. 2024 డిసెంబర్‌లో దాన్ని 12 మందికి తగ్గించారు. పాత వీడియో చూసి ఇంకా ఎనిమిది మంది కోసం తిరుగుతున్న పిల్లలు నాకు తెలుసు. వాళ్లలో ఒకమ్మాయి టెస్టర్లని డబ్బులిచ్చి తెచ్చుకుంది. ఏఐతో కోడ్ రాయించుకునేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఆండ్రాయిడ్ 11లోనే వద్దన్న ఎసింక్‌టాస్క్ అనే పాత క్లాస్‌ని అది ఇప్పటికీ అప్పుడప్పుడూ చక్కగా రాసిచ్చేస్తుంది. అది ఇచ్చిన ప్రతి క్లాస్ పేరునీ ఒకసారి అధికారిక డాక్యుమెంటేషన్‌లో వెతకండి. పైన డిప్రికేటెడ్ (ఇక వాడొద్దు) అని ఉందేమో చూడండి.

మా ఆఫీసులో ఇప్పుడు ఎవరి సొంత మెయిల్ మీదా ఏ ప్రాజెక్టూ లేదు. కంపెనీ పేరుతో ఒక మెయిల్ ఉంది, ప్లే కన్సోల్, ఫైర్‌బేస్, యాపిల్ అకౌంట్ హెచ్చరికలన్నీ దానికే వస్తాయి. సోమవారం పొద్దున ఒకరు దాన్ని తెరిచి, అందులో కనిపించిన ప్రతి తేదీనీ గోడమీది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాస్తారు. ఆ పని వంతులవారీగా చేస్తాం. ఈ వారం నా వంతు.

మీలో చాలామంది ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నారు కదా. ఒకసారి తెరవండి. మీ ఫైర్‌బేస్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ పర్మిషన్స్‌లోకి వెళ్లి, ఓనర్ అని ఎవరి మెయిల్ ఉందో చూడండి. ఆ మెయిల్ ఎవరిదో మీలో ఎవరికీ తెలియకపోతే చెయ్యెత్తండి. నేను కిందికి దిగి మీ దగ్గరికే వస్తాను.