సీసాలో లేని దారాలు

(గుంటూరులోని ఒక డిగ్రీ కాలేజీలో జాతీయ సైన్సు దినోత్సవం సందర్భంగా చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, నాతో పాటు పాఠాలు చెప్పి రిటైరైన మిత్రులకు, ఇంత ఉక్కలో కదలకుండా కూర్చున్న పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. రాతి తీరాల మీద బతికే జీవుల గురించి చెప్పమన్నారు. రాసుకునే వచ్చాను. కానీ ముందు నేను చెప్పిన ఒక తప్పు దిద్దుకోవాలి.

ఇరవై ఏళ్ల కిందట ల్యాబ్‌లో ఒక సెకండియర్ అమ్మాయి సీసా చేత్తో పట్టుకుని, "సార్, అంత అలల్లో ఇది రాయిని ఎలా పట్టుకుంటుంది?" అని అడిగింది. సీసాలో ఫార్మలిన్, అందులో మస్సెల్, అంటే సముద్రపు ఆల్చిప్ప. "పాదంతోనమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నోట్సులో రాసుకుంది.

నాకు తెలిసింది మన కృష్ణా కాలువల ఆల్చిప్ప. ల్యాబ్‌లో మేం కోసేది దాన్నే. అది బురదలోకి పాదం దూర్చి నిలబడుతుంది, మెల్లగా పాకుతుంది. సముద్రపుదీ అంతే అనుకున్నాను. సీసాలోదాన్ని ఎన్నేళ్లు చూసినా అనుమానం రాలేదు. చూడ్డానికి శుభ్రంగా ఉండాలని ఎవరో దాని దారాలు కత్తిరించేసి మరీ పెట్టారు.

రిటైరవడానికి ఏడాది ముందు ఒక పెళ్లికి విశాఖ వెళ్లి, పాటు వేళ, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తగ్గిన వేళ, తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి దిగాను. ఒక ఆల్చిప్పను పట్టుకుని లాగితే రాలేదు. వంగి చూస్తే దాని కింద కొబ్బరిపీచు లాంటి గోధుమరంగు పోగులు. అక్కడే కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి ముఖమే గుర్తొచ్చింది.

పాదం పట్టుకోదు పిల్లలూ, దారం పోస్తుంది. నాలుకలా బయటికొచ్చి రాయిని తడిమి చూస్తుంది. దాని అడుగున ఒక గాడి ఉంటుంది. అందులోకి ప్రొటీన్ ద్రవం దిగి, కాసేపట్లో గట్టిపడి దారమవుతుంది. చివర చిన్న బిళ్ల రాయికి అతుక్కుంటుంది. పాదం వెనక్కి తీసుకుని పక్కన ఇంకోటి పోస్తుంది. తడి రాయి మీద పట్టే జిగురు ఇది! ఆ ప్రొటీన్లలో డోపా అనే అమైనో ఆమ్లం ఉంది. దాన్ని చూసే, ఒంటి లోపలి తడిలో కూడా గాయాన్ని అతికించే జిగురు కోసం శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు.

వెనక వరుసలో వినపడుతోందా? సరే.

మనకు సూర్యలంకలో ఇసుక, నిజాంపట్నం వైపు బురద, మడచెట్లు. రాయి లేదు. అందుకే రాతి తీరం మన పిల్లలకు పుస్తకంలో బొమ్మగా మిగిలింది. అదే విశాఖ రాళ్ల మీది నాచుల గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఉమామహేశ్వరరావు గారు, శ్రీరాములు గారు 1964లోనే ఇంగ్లండు పత్రికలో రాశారు. పోటుకు మునిగి, పాటుకు ఎండే ఆ కాస్త ఎత్తులోనే ఒక్కో నాచుకు ఒక్కో అంతస్తు.

ఆల్చిప్పలకూ అంతే. మరీ పైకి పోతే ఎండకు చస్తాయి. కిందికి దిగితే తినేవాళ్లుంటారు. అమెరికాలో రాబర్ట్ పెయిన్ అనే ఆయన 1963లో వాషింగ్టన్ రాష్ట్రం ముక్కా బే రాళ్ల మీద, ఆల్చిప్పలను తినే సముద్ర నక్షత్రాలను ఒకచోట ఏరి నీళ్లలోకి విసిరేశాడు. వచ్చినవాటిని వచ్చినట్టే విసిరాడు. ఆల్చిప్పలు కిందికి పాకి రాయంతా కమ్మేస్తూ వచ్చాయి. నాచుకు కాలూనే చోటు పోయింది. 15 జాతులున్న చోట 8 మిగిలాయని 1966లో రాశాడు. అలాంటి జంతువుకు 1969లో కీస్టోన్ జాతి అని పేరు పెట్టాడు. కమానులో నడినెత్తిన ఉండే రాయి అన్నమాట. అది తీస్తే కమాను కూలుతుంది.

అలాగని ఆల్చిప్పను దుర్మార్గురాలిగా చూడకండి. వాటి గుంపు సందుల్లో పాటు వేళ కూడా తడి ఉంటుంది. పురుగులు, చిన్న పీతలు, బుల్లి నత్తలు అక్కడే తలదాచుకుంటాయి. తుఫాను అల ఆ గుంపులో ఒక ముక్క ఊడబెరికితే, ఆ ఖాళీలో మళ్లీ నాచు మొలుస్తుంది. నేనింకా చాలా రాసుకొచ్చాను గానీ, ఈ కాగితాలు పక్కన పెడతాను.

ప్రిన్సిపాల్ గారూ, నా సర్వీసంతా ప్రతి ఏడూ టూరు అడిగాను. బడ్జెట్ లేదన్నారు, ఆడపిల్లల బాధ్యత ఎవరిదన్నారు, పరీక్షలన్నారు. ఒక్క ఏడాదీ కుదరలేదు. కుదిరి ఉంటే ఆ పిల్ల నోట్సులో తప్పు ఉండేది కాదు. రాత్రి గుంటూరులో రైలెక్కితే పొద్దున్నే విశాఖ. అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా తేదీ పెట్టండి, నీళ్లు బాగా వెనక్కి పోతాయి. పాటు వేళలు ముందే చూసుకోవాలి. జారని బూట్లు వేసుకోవాలి, అలకు వీపు పెట్టకూడదు. రాయి తిప్పి చూస్తే మళ్లీ ఎలా ఉన్నదలా పెట్టాలి. ఒక్క ఆల్చిప్పనూ పీకి సీసాలో వేసుకుని రాకండి.

పదిమంది పిల్లల టికెట్లు నా పెన్షన్‌లోంచి ఇస్తాను. తేదీ మీరు చెప్పండి.