బడికీ ఊరికీ మధ్య

సభాధ్యక్షులకు, గ్రంథాలయ సిబ్బందికి, శ్రీకాకుళం పాఠక మిత్రులకు నమస్కారం. వారోత్సవాల సందర్భంగా పఠనాభిరుచి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను వేరే విషయం ఎత్తుకుంటున్నందుకు పెద్దలు మన్నించాలి. ఈరోజు నవంబరు మూడో ఆదివారం. రోడ్ల మీద ప్రాణాలు కోల్పోయినవారిని ఏటా స్మరించుకోవాలని 2005లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించిన రోజు.

రణస్థలం వైపు జాతీయ రహదారి పక్కనున్న ఒక బడిలో నేను ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పాను. ఊరు రోడ్డుకు ఒక పక్క, బడి మరో పక్క. పిల్లలు చింతచెట్ల నీడన కాయలు ఏరుకుంటూ దాటి వచ్చేవారు. రోడ్డును నాలుగు వరుసలు చేసినప్పుడు ఆ చెట్లు పోయాయి, మధ్యలో డివైడరు లేచింది, దాటడానికి వీలున్న చోటు కిలోమీటరున్నర దూరానికి జరిగింది. కార్లలో పోయేవారికి కలిసివచ్చిన నిమిషాలను ఆ పిల్లలు రోజూ ఎండలో నడిచి చెల్లించారు. ఒకనాడు బడిగంట వినపడి, డివైడరు ఎక్కి పరుగున దాటబోయిన ఏడో తరగతి అమ్మాయిని కారు గుద్దేసింది. ఆమె సంచిని నేనే తీసుకెళ్లి తండ్రి చేతికిచ్చాను. “చూసుకుని దాటాలి కదా” అని ఊరంతా అంది. నేనూ అన్నాను. కూతురు పోయిన మనిషి ముందు నిలబడి ఆ మాట అన్నాను.

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో దాదాపు ఐదోవంతు నడిచి పోతున్నవారే. వారందరూ చూసుకోకుండానే దాటారా? మీరే చెప్పండి. నెదర్లాండ్స్‌లో 1971లో నాలుగు వందల మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోతే, అక్కడి తల్లిదండ్రులు దానిని ఖర్మ అనలేదు, ప్రమాదమనీ అనలేదు. “పిల్లల హత్య ఆపండి” అన్న పేరుతోనే ఉద్యమం నడిపి, కార్ల వేగం తగ్గేలా వీధులనే మార్పించారు. మన 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్డు స్థలాన్ని పంచేటప్పుడు వాహనాలను కాక మనుషులను చూడమంటుంది. అయినా మన ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక ముసలమ్మ రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి.

ఆ బడి ముందు పిల్లలు నడిచి దాటే వంతెన కావాలని కలెక్టరు గారికి రాసిన వినతిపత్రం ఈ బల్ల మీద ఉంది. మొదటి వరుసలో ఉన్నది ఆ అమ్మాయి తండ్రి వేలిముద్ర. దాని కింద నా సంతకం ఉంది. మిగిలిన వరుసలు మీ కోసం ఉంచాను.