రోబో తిరిగింది సరే, పాఠం తలకెక్కిందా?

(దృశ్యం: కూకట్‌పల్లి రోడ్డు పక్కన వరసగా స్కూలు ఫ్లెక్సీలు. పేర్లు కనబడకూడదు.)

వాయిస్: అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏ రోడ్డు చూసినా స్కూలు ఫ్లెక్సీలే. ఐఐటీ ఫౌండేషన్ పక్కన ఇప్పుడు రోబోటిక్స్ ల్యాబ్ అనే మాట కూడా చేరింది. ఫీజుల పట్టికలో దానికో గడి కూడా ఉంటుంది. మరి ఆ పీరియడ్ వల్ల పిల్లలకు సైన్సు, లెక్కలు నిజంగా బాగా వస్తున్నాయా? ఇది తేల్చడానికి ప్రొఫెసర్లే కానక్కర్లేదు. బీఈడీ చదువుతున్నవాళ్లు, బీటెక్ ప్రాజెక్టు కోసం వెతుక్కుంటున్నవాళ్లు, ఓపిక ఉంటే ఇంటర్ పిల్లలు కూడా ఒక స్కూల్లో రెండు సెక్షన్లు పెట్టుకుని చేయొచ్చు. ఎలా చేయాలో చూద్దాం.

(దృశ్యం: నేల మీద గీతలు గీస్తూ తిరిగే తాబేలు రోబో బొమ్మ.)

వాయిస్: ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1967లో అమెరికాలో పరిశోధకులు సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జైగ్ కలిసి పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. తర్వాత దాంతోనే నేల మీద తిరిగే తాబేలు రోబోను నడిపించారు. తాబేలు చతురస్రం గీయాలంటే పిల్లవాడు తనే తాబేలు అనుకుని నాలుగడుగులు వేసి, 90 డిగ్రీలు తిరిగి, మళ్లీ నాలుగడుగులు వేసి చూసుకోవాలి. కంప్యూటరు పిల్లవాడికి పాఠం చెప్పడం కాదు, పిల్లవాడే కంప్యూటరుకు పని చెప్పాలన్నది పాపర్ట్ పట్టు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరం పడుతుంది.

ఆ తర్వాత 1998లో లెగో రోబో కిట్లు, 2005లో ఇటలీ నుంచి ఆర్డ్యుయినో బోర్డు, అంటే మోటార్లను, సెన్సార్లను నడిపించే చిన్న కంప్యూటరు బోర్డు, వచ్చాయి. మన దేశంలో 2016లో నీతి ఆయోగ్ అటల్ ఇన్నోవేషన్ మిషన్ మొదలుపెట్టాక, ఎంపికైన స్కూళ్లకు 20 లక్షల రూపాయల దాకా గ్రాంటుతో టింకరింగ్ ల్యాబులు, అంటే పిల్లలు తమ చేతులతో ఏవో ఒకటి చేసి చూసే గదులు, వచ్చాయి. గ్రాంటు లేకపోయినా కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే సెన్సార్లు, చక్రాలు తిప్పే చిన్న పసుపు రంగు బీఓ మోటార్లు, వాటికి కరెంటు అందించే మోటార్ డ్రైవర్, కలిపే జంపర్ వైర్లు అన్నీ ఒకే కవర్లో వేసి ఇస్తారు. కాబట్టి సామానుకు కొదవ లేదు.

(దృశ్యం: తరగతి గది. బెంచీలు పక్కకు జరిపి, నేల మీద నల్ల టేపుతో ట్రాక్ వేశారు. ఒక బృందాన్ని దగ్గర నుంచి చూపించాలి.)

వాయిస్: ఇదిగో, ఈ బృందంలో ఐదుగురున్నారు. వీళ్ల లైన్ ఫాలోవర్, అంటే టేపు గీత వెంట నడవాల్సిన రోబో, మలుపు దగ్గర టేపు వదిలేసి బెంచీ కిందికి దూరింది. ఒకటే గోల. కిటికీలోంచి చూసే హెచ్ఎం గారికి పిల్లలు ఎంత లీనమైపోయారో అనిపిస్తుంది. ఇప్పుడు ముఖాలు వదిలేసి చేతులు చూడండి. ల్యాప్‌టాప్ ఒక్కడి దగ్గరే ఉంది. స్క్రూడ్రైవర్ ఇంకొకడి చేతిలో ఉంది. "నీ రైటింగ్ బాగుంటుంది కదా" అని ఒకమ్మాయికి రికార్డు అంటగట్టారు. మిగతా ఇద్దరూ చప్పట్లు కొడుతున్నారు. పాపర్ట్ చెప్పినట్టు కంప్యూటరుకు పని చెప్తున్నది ఐదుగురిలో ఒక్కడే.

మీ పరిశోధన మొదలుపెట్టాల్సింది ఇక్కడే. పిల్లల నిమగ్నత మూడు రకాలని పరిశోధకులు చెప్తారు. ఒకటి చేతలో కనబడేది. రెండోది మనసుకు సంబంధించినది, అంటే ఇష్టం, సరదా. మూడోది బుర్ర పెట్టి ఆలోచించడం. గోలలో మనకు కనబడేది రెండోదే. "క్లాస్ ఎలా ఉంది?" అని ఫారం ఇస్తే అందరూ "సూపర్ అక్కా" అని ఐదు చుక్కలు పెట్టేస్తారు. మూడో రకం గురించి ఆ ఫారం ఏమీ చెప్పదు.

(స్క్రీన్ మీద: గళ్ల కాగితం. నిలువుగా పిల్లల కోడ్ నంబర్లు, అడ్డంగా సమయం.)

వాయిస్: అందుకని ఇలా చేయండి. ఫోన్ రెండు నిమిషాలకోసారి వైబ్రేట్ అయ్యేలా పెట్టుకోండి. వైబ్రేట్ అయినప్పుడల్లా ఒక్కొక్కరిని వరసగా చూసి, ఆ క్షణంలో ఏం చేస్తున్నారో ఒక్క అక్షరం రాయండి. పనిలో చెయ్యి ఉంటే ప, పని గురించి మాట్లాడుతుంటే మ, ఊరికే చూస్తుంటే చ, ధ్యాస ఇంకెక్కడో ఉంటే వ. పీరియడ్ అయ్యేసరికి ఎవరి వాటా ఎంతో కాగితమే చెప్తుంది. అమ్మాయిల వరసలో చ ఎక్కువ పడిందా, ల్యాప్‌టాప్ చేతులు మారిందా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది. అయితే ఒక్కరే రాస్తే మన కన్ను మనల్నే మోసం చేస్తుంది. ఇద్దరు విడివిడిగా రాసి పోల్చుకోండి. నూటికి 80 అయినా కలవాలన్నది మామూలుగా పాటించే లెక్క. కలవకపోతే ఏది మ, ఏది చ అన్నది ముందు తేల్చుకోవాలి.

(దృశ్యం: గోడ ముందు చిన్న రోబో. దాని మీద రెండు కళ్లలాంటి అల్ట్రాసోనిక్ సెన్సార్. పక్కన స్కేలు.)

వాయిస్: ఇక నేర్చుకున్నారా లేదా అన్న పరీక్ష. నా లెక్కలో దీనికి ఈ సెన్సార్‌ను మించింది లేదు. ఇది శబ్దాన్ని పంపుతుంది, అది గోడకు తగిలి తిరిగొస్తుంది, పట్టిన సమయం మనకు చెప్తుంది. గోడ 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సుమారు 1166 మైక్రోసెకన్లు పడుతుంది. శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు. రెండూ గుణిస్తే సీరియల్ మానిటర్‌లో, అంటే ల్యాప్‌టాప్‌లో రీడింగులు కనబడే కిటికీలో, 40 సెంటీమీటర్లు వస్తుంది. స్కేలు చూస్తే 20.

ఇక్కడ ఆగండి. "కోడ్‌లో 2తో భాగించండి" అని సార్ చెప్పేస్తే రోబో గోడకు తగలకుండా ఆగుతుంది, అందరూ సంతోషపడతారు, పాఠం మాత్రం సార్ దగ్గరే ఉండిపోతుంది. రన్ బటన్ నొక్కకముందే ప్రతి ఒక్కరూ ఎంత వస్తుందో, ఎందుకో విడిగా కాగితం మీద రాయాలి. 40 ఎందుకు వచ్చిందో వాళ్లే బుర్ర బద్దలుకొట్టుకుని తేల్చాలి. శబ్దం వెళ్లిన దూరం, తిరిగొచ్చిన దూరం రెండూ కలిశాయన్నది ప్రతిధ్వని పాఠం చదివి ఉన్నా వెంటనే తట్టదు. ఇంకా ఉషారుగా ఉన్నవాళ్లకు ఏప్రిల్ ఎండను ఇవ్వండి. 40 డిగ్రీల దగ్గర శబ్దం సెకనుకు సుమారు 355 మీటర్లు వెళ్తుంది. కోడ్‌లో 343 అలాగే ఉంచితే, మీటరు దూరంలో ఉన్న గోడ మూడు సెంటీమీటర్లకు పైగా దగ్గరగా కనబడుతుంది. సెన్సార్ పాడైందని తీసి పక్కన పెట్టేది ఎవరు, వేగాన్ని అనుమానించేది ఎవరు? అది రాసుకోండి.

(స్క్రీన్ మీద: రెండు సెక్షన్లు, ఒకే పాఠం.)

వాయిస్: పోలిక సరిగ్గా ఉండాలి. ఒక సెక్షన్‌కు రోబో, ఇంకో సెక్షన్‌కు ఏమీ లేకపోతే గెలిచేది ఎవరో ముందే తెలుసు. రెండో సెక్షన్‌కూ అదే పాఠం, అంతే సమయం, అదే టీచరు ఉండాలి. కొలిచే టేపు, స్టాప్‌వాచ్‌తో చేసే ప్రయోగం ఇవ్వొచ్చు. ముందు ఒక పరీక్ష, అయ్యాక ఒకటి, కొన్ని వారాల తర్వాత చెప్పకుండా ఇంకొకటి పెట్టండి. ఆ చివరిది వదలొద్దు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు, కిట్టు కొత్తగా వచ్చిన వారం అందరూ చురుగ్గానే ఉంటారు.

పిల్లల మాట మీదే ఎందుకు ఆధారపడకూడదో 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో చేసిన ప్రయోగం చూపించింది. తామే లెక్కలతో కుస్తీ పట్టిన విద్యార్థులకు పరీక్షలో మార్కులు ఎక్కువొచ్చాయి. ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నది మాత్రం చక్కటి లెక్చర్ విన్నవాళ్లు! కాలేజీ సైన్సు, ఇంజినీరింగ్, లెక్కల క్లాసుల మీద వచ్చిన 225 అధ్యయనాలను 2014లో కలిపి చూస్తే, లెక్చర్ మాత్రమే విన్నచోట నూటికి సుమారు 34 మంది ఫెయిలయ్యారు, చేతికి పని ఇచ్చినచోట 22 మంది. అది కాలేజీ సంగతి, రోబోల సంగతి కూడా కాదు. మీరు చూసే స్కూలు తరగతికి అతికించేయకండి.

హెచ్ఎం అనుమతి, తల్లిదండ్రుల సంతకం, పిల్లల ఒప్పుదల లేకుండా లోపలికి అడుగు పెట్టొద్దు. పేర్ల బదులు నంబర్లు. వీడియో తీయకపోతేనే మంచిది.

ఇక రిపోర్టు. రెండు సెక్షన్ల లెక్కతో హైదరాబాద్ పిల్లలందరి గురించి రాయకండి. ఫలానా తరగతిలో, ఫలానా పాఠానికి, ఇన్ని వారాల్లో ఇది కనిపించిందని రాస్తే చాలు. రోబో సెక్షన్‌కు మార్కులు పెరగకపోతే అదీ రాయండి. ఆ రెండు పేజీలు జూన్‌లో కొత్త టైమ్‌టేబుల్ వేసేలోపు హెచ్ఎం గారి చేతికి అందాలి. బృందానికి ఐదుగురా ముగ్గురా, ల్యాప్‌టాప్ ఎన్ని నిమిషాలకోసారి చేతులు మారాలి అన్నవి అప్పుడే తేలతాయి.