తెలిసిన కథతోనే భయపెట్టాలంటే

అందరికీ నమస్కారం. పాత భయానక నవలల్ని టీనేజ్ పాఠకుల కోసం తిరగరాసేవాళ్ళకి మొదటి పేజీలోనే ఓ చిక్కొస్తుంది: గుట్టు ముందే రట్టయిపోయింది. ‘డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్’ కథలో మర్యాదస్తుడైన జెకిల్, దుర్మార్గుడైన హైడ్ ఒక్కరేనన్న సంగతిని స్టీవెన్సన్ 1886లో పది అధ్యాయాల పుస్తకంలో చివరి రెండింటి దాకా దాచగలిగాడు. ఇవాళ ఆ పుస్తకం ముట్టనివాళ్ళకీ అది తెలుసు. కాబట్టి ‘ఏం జరుగుతుందో’ అన్న ఉత్కంఠని నమ్ముకోకండి. నిజం చెబుతున్నా ఎవరూ నమ్మకపోవడం ఉంది చూశారూ, భయాన్ని అక్కడ పెట్టండి. పదహారేళ్ళవాళ్ళకి అది బాగా తెలిసిన బాధ.

అందుకే మూలంలో ఎవరికి మాట్లాడే వంతు రాలేదో వెతకాలి. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818)లో కథ చెప్పేది ఓడ నడిపే వాల్టన్, శాస్త్రం చదివిన విక్టర్, విక్టర్ సృష్టించిన ప్రాణి. విక్టర్ ఇంట్లో పనిచేసే జస్టిన్ గొంతు కోర్టులో, జైల్లో కాసేపు వినిపిస్తుంది, అంతే. ఆ ఘట్టం చూడండి. తల్లి బొమ్మ ఉన్న పతకం వేసుకుంటానని విక్టర్ తమ్ముడు, చిన్నారి విలియం మారాం చేస్తే, ఆ ఇంట్లోనే పెరిగిన ఎలిజబెత్ ఇచ్చింది. పిల్లాడు హత్యకు గురయ్యాడు, పతకం మాయమైంది. తనే చంపుకున్నానని ఎలిజబెత్ కుమిలిపోతుంది. వాణ్ణి వెతకడానికి వెళ్ళిన జస్టిన్, జెనీవా నగర ద్వారాలు మూసేయడంతో ఆ రాత్రి ఓ కొట్టంలో తలదాచుకుంది. తర్వాత పతకం ఆమె జేబులో దొరికింది. ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. మతగురువు బెదిరిస్తే చేయని నేరం ఒప్పుకుంది. హంతకుడు తను సృష్టించిన ప్రాణేనని తెలిసీ విక్టర్ నోరు మెదపలేదు. కొట్టంలో గడిచిన రాత్రి నుంచి ఉరికంబం దాకా, ఒక్క సంఘటనా కల్పించకుండానే ఇందులో నవల ఉంది.

రాసేముందు ఓ కాగితం మీద తేదీలు, ఆ రోజు మూలంలో కనబడేవాళ్ళు, కనబడనివాళ్ళు ఎక్కడున్నారో మూడు గళ్ళుగా వేసుకోండి. ‘డ్రాక్యులా’ (1897) దాదాపు అంతా తేదీలు వేసిన డైరీలూ ఉత్తరాలే గనక పని సులువు. సినిమా జ్ఞాపకాన్ని మాత్రం నమ్మొద్దు. నవలలో డ్రాక్యులా పగటిపూట లండన్‌లో తిరుగుతాడు. ఎండ తగిలి చావడం 1922 నాటి ‘నాస్ఫెరాతు’ సినిమా తెచ్చిపెట్టింది. విక్టర్ ప్రాణికి మెడలో బోల్టులు 1931 సినిమావి.

రాక్షసుణ్ణి మంచి ప్రియుడిగా మార్చేయడం ఎక్కువమంది చేసే పొరపాటు. ‘కార్మిల్లా’ అనే పాత రక్తపిశాచి కథలో ముద్దూ భయమూ ఒకే క్షణంలో ఉంటాయి. రెండోది తీసేస్తే మిగిలేది ఉత్త ప్రేమకథ.

ముగింపు మార్చొచ్చు. అయితే జస్టిన్‌ని బతికిస్తే విక్టర్‌ని తినేసే అపరాధభావం సగం పోతుంది. దాని చోట అంత బరువైన నష్టం ఇంకొకటి పెట్టకపోతే కథ రెండో సగం ముందుకు నడవదు.