నిలబెట్టి కొలిస్తే ఆ ప్యాంటు పనికిరాదు!

నిలబెట్టి కొలిస్తే ఆ ప్యాంటు పనికిరాదు. మళ్ళీ చెప్తున్నా, నిలబెట్టి కొలిస్తే పనికిరాదు!

వీల్‌చైర్‌లో ఉండేవాళ్ళకి బట్టలు కుట్టే పని మా ఇంట్లో మొదలుపెట్టామని మొన్న వీడియో పెడితే కామెంట్లలో ఎంత గొడవైందో చూశారుగా. సగం మంది "వాళ్ళ దగ్గర డబ్బులు తీసుకుంటారా, ఉచితంగా ఇవ్వండి" అని, మిగతా సగం "ఎలాస్టిక్ నైట్ ప్యాంటు కొనుక్కుంటే పోలా, దీనికో బిజినెస్సా" అని. నాకు ఒళ్ళు మండింది ఈ రెండో మాటకే.

మీరిప్పుడు కూర్చునే చూస్తున్నారు కదా, ఒక్కసారి నడుం వెనక చెయ్యి పెట్టండి. ప్యాంటు కిందికి జారిందా? ముందు బెల్టు పొట్టలో గుచ్చుకుంటోందా? మీరైతే లేచి సర్దుకుంటారు. మా చిన్నాన్న స్కూటర్ మీంచి పడి వెన్నుపూస దెబ్బతిన్న మనిషి, పొద్దున 8 గంటలకి కుర్చీలో కూర్చుంటే రాత్రి దాకా అదే కుర్చీ. జీన్స్ వెనక జేబు కుట్టు, దాని మూలన ఉండే ఇనప బొడిపె, ఒంటి బరువంతా వాటి మీదే. నడుం కింద స్పర్శ లేదు కాబట్టి ఒత్తుకుంటున్నట్టు తెలీదు, చర్మం కమిలి పుండు పడుతుంది. పోయినేడు సరిగ్గా ఆ జేబు మూల దగ్గరే పుండు పడితే 3 నెలలు బోర్లా పడుకోబెట్టాం. ఆ 3 నెలలు చూసినవాళ్ళెవరూ నైట్ ప్యాంటు కొనుక్కోమని అనరు. అయినా ఆఫీసుకి నైట్ ప్యాంటేసుకుని ఎవరెళ్తారండీ?

మా అమ్మ 30 ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. చిన్నాన్నని కుర్చీలోనే ఉంచి టేపు పెట్టింది. వెనక రెండున్నర అంగుళాలు ఎత్తు పెంచింది, ముందు 2 అంగుళాలు తగ్గించింది, కూర్చుంటే కాళ్ళు పైకి లాగుతాయని పొడవు కలిపింది, వెనక జేబులు తీసేసి తొడ మీద పెట్టింది, రెండు పక్కలా మోకాలి దాకా జిప్పు, యూరిన్ బ్యాగు ఖాళీ చేసుకోవడానికి కాలి లోపలివైపు ఇంకో చిన్న జిప్పు. మొదటిది వెల్క్రోతో కుట్టి చూసింది కానీ నాలుగు ఉతుకులకే దారాలు, వెంట్రుకలు పట్టి అంటుకోవడం మానేసింది. ఇంతకుముందు ప్యాంటు తొడగాలంటే ఇద్దరం కలిసి ఆయన్ని మంచం మీద అటూ ఇటూ తిప్పాలి, 20 నిమిషాలు. ఇప్పుడు పిన్ని ఒక్కతే 5 నిమిషాల్లో తొడిగేస్తోంది.

నేననేది ఏంటంటే, ఈ వ్యాపారం పుట్టేది ఇంట్లోనే. పెద్ద కంపెనీలు నిలబడ్డ బొమ్మకి తొడిగి సైజు చూసుకుంటాయి, కూర్చున్న ఒళ్ళు వాళ్ళకి కనపడదు. అమెరికాలోనూ అంతే! మిండీ షాయర్ అనే డిజైనర్ కొడుక్కి కండరాల జబ్బు, బడికి అందరిలా జీన్స్ వేసుకెళ్తానన్నాడు. ఆవిడ రాత్రికి రాత్రి జీన్స్ విప్పి వెల్క్రో పెట్టి కుట్టింది. 2016లో టామీ హిల్‌ఫిగర్ అనే పెద్ద బట్టల కంపెనీ ఇలాంటి పిల్లల బట్టలు తెచ్చిందంటే ఆవిడ వెంటపడబట్టే. ముందు అమ్మ, తర్వాతే కంపెనీ.

ఇక కొనేవాళ్ళు లేరంటారా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. అందులో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్ళే 54 లక్షలు. అందరూ వీల్‌చైర్‌లో ఉండరు, నిజమే. పదో వంతు అనుకున్నా మా అమ్మ మిషన్ ఒక్కటి చాలుతుందా?

ఉచితంగా ఇవ్వమన్నవాళ్ళకి చిన్నాన్న మాటే చెప్తా: "ఊరికే ఇస్తే బాలేకపోయినా నోరు మూసుకుని వేసుకోవాలిరా. డబ్బిస్తే కుట్టు విప్పి మళ్ళీ కుట్టమంటాను." అందుకే ధర పెట్టాం, 1,450 రూపాయలు, మార్పులు ఎన్నిసార్లైనా. యూనిట్ ఆయన పేరు మీదే, పీఎంఈజీపీ (సొంత యూనిట్ పెట్టుకునేవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ పథకం) లోనుకి అప్లై చేస్తున్నాం. వికలాంగులకి, ఆడవాళ్ళకి అందులో సబ్సిడీ పట్నంలో 25 శాతం, పల్లెలో 35 శాతం.

ఆదివారం ఒకమ్మాయికి పెళ్ళి చీర కొలతలకి వెళ్తున్నాం. కుచ్చిళ్ళు ముందే కుట్టేసి, పైట చక్రంలో పడకుండా పొట్టిగా చేయాలి. ఇంతకుముందు వాళ్ళ టైలర్ "కాస్త లేపి పట్టుకోండమ్మా, కొలత తీస్తా" అన్నాడట. అమ్మ నిన్న రాత్రే టేపు, సుద్ద సంచిలో సర్దేసింది.