మొక్క సంగతి అడిగినవారిని ముందు మనం అడగాలి

సభలోని మిత్రులందరికీ నమస్కారం.

ఉద్యాన శిక్షకులుగా కొత్తగా బాధ్యతలు తీసుకుంటున్న మీతో మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, ఈ ఉద్యోగంలో మొక్కల పని ఎంత, మనుషుల పని ఎంత అని ఒకసారి లెక్క వేసుకున్నాను. మొదటి ఏడాది నా చేతికి మట్టి అంటని రోజులే ఎక్కువ. ఏ వాలంటీరు ఏ రోజు వస్తారో రాసుకోవడం, రానివారికి ఫోన్ చేయడం, గడ్డిలో పోయిన కత్తెర కోసం నలుగురినీ ఆరా తీయడం, వీటితోనే పొద్దు గడిచిపోయేది. మొక్కల మీద ప్రేమతో ఈ పనిలోకి వచ్చినవారికి ఇది కొంత నిరుత్సాహం కలిగించే మాటే అయినా, ముందే తెలిసి ఉండడం మంచిదని చెబుతున్నాను.

వాలంటీర్లకు శిక్షణ ఇచ్చి, వారి చేత జనానికి తోట సలహాలు చెప్పించే ఈ పద్ధతి పుట్టిన తీరులోనే దాని స్వభావం తెలుస్తుంది. విశ్వవిద్యాలయాల్లోని వ్యవసాయ జ్ఞానాన్ని జనం ముంగిటికి చేర్చడానికి అమెరికాలో 1914లో స్మిత్–లీవర్ చట్టం వచ్చింది. ఆ జ్ఞానాన్ని జనానికి అందించే విస్తరణ అధికారుల వ్యవస్థ దాని మీదే నిలిచింది. 1970ల ఆరంభానికి వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్, టకోమా ప్రాంతంలో ఇంటి తోటలవాళ్ళ ప్రశ్నలు ఎంతగా పెరిగాయంటే, ఉన్న కొద్దిమంది అధికారులకు వాటికి జవాబు చెప్పడంతోనే సరిపోయేది. అప్పుడు డేవిడ్ గిబ్బీ అనే విస్తరణ అధికారి, ఆయన సహచరులు కలిసి 1972లో ఒక ఉపాయం ఆలోచించారు: ఆసక్తి ఉన్నవారికి మేము ఉచితంగా శిక్షణ ఇస్తాము, బదులుగా వారు కొన్ని గంటలు కూర్చుని జనం ప్రశ్నలకు సమాధానం చెప్పాలి. జర్మన్ భాషలోని ‘గార్టెన్‌మైస్టర్’ అనే బిరుదును ఇంగ్లీషు చేసి వారికి ‘మాస్టర్ గార్డెనర్’ అని పేరు పెట్టారు. ఏర్పాటు గొప్పదే కాని, పేరు విషయంలో నాకు చిన్న అభ్యంతరం ఉంది. మాస్టర్ అన్న మాట ఒకసారి ఛాతీ మీదికి ఎక్కాక, అడిగినదానికల్లా వెంటనే జవాబు చెప్పి తీరాలన్న తొందర మనిషిలో మొదలవుతుంది.

ఆ తొందర ఎంత పని చేస్తుందో నేను కళ్ళారా చూశాను. మా సలహా బల్ల దగ్గరికి ఒకావిడ ప్లాస్టిక్ సంచిలో నాలుగు గులాబీ ఆకులు తెచ్చి, పసుపుబారుతున్నాయి, ఏం వేయమంటారని అడిగారు. అప్పుడే శిక్షణ ముగించుకున్న మా వాలంటీరు ఆకులను సంచిలోంచి బయటికి తీయకుండానే నత్రజని ఎరువు వేయమన్నారు. ఆవిడ వేశారు. నెల తిరిగేసరికి మొక్క మరింత పాలిపోయింది. రెండోసారి ఆవిడ వచ్చినప్పుడు బల్ల దగ్గర నేనున్నాను. ఆకులను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య భాగం మాత్రం పసుపు తిరిగింది. ఇవి పాత ఆకులా, కొత్త ఆకులా అని అడిగితే చివరి చిగుళ్ళని చెప్పారు. నత్రజని కొరత ముందు కింది ముదురు ఆకుల్లో కనిపిస్తుంది, ఎందుకంటే మొక్క ఆ పోషకాన్ని పాత ఆకుల నుంచి లాగి చిగురుకు పంపుకోగలదు. ఇనుమును అలా పంపుకోలేదు కనుక దాని కొరత లేత ఆకుల్లోనే బయటపడుతుంది. మొక్క ఎక్కడుందని అడిగితే, ఈ మధ్యే కట్టిన ప్రహరీ గోడ పక్కన అన్నారు. గోడ కట్టినప్పటి సిమెంటు, సున్నం పెళ్ళలు ఆ మట్టిలోనే కలిసిపోయి ఉన్నాయి. మట్టి పులుపు, క్షార గుణాలను కొలిచే పీహెచ్ 7 దాటి, అంటే క్షారం వైపు, పైకి పోయేకొద్దీ, ఇనుము మట్టిలో ఉన్నా వేళ్ళు తీసుకోగల రూపంలో ఉండదు. ఇంతకీ అక్కడ కావలసింది ఎరువు కాదు, మట్టి పరీక్ష. మూడు ప్రశ్నలు అడిగి ఉంటే ఆవిడకు నెల రోజులు, మాకు పరువు మిగిలేవి.

అప్పటి నుంచి నా శిక్షణలో జవాబులకన్నా ముందు ప్రశ్నలు నేర్పుతున్నాను. ఎప్పుడు మొదలైంది, పాత ఆకుల్లోనా కొత్త ఆకుల్లోనా, ఈ ఒక్క జాతి మొక్కకే వచ్చిందా లేక పక్కనున్న వేరే జాతులకూ వచ్చిందా, నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి పోస్తున్నారు, ఈ మధ్య అక్కడ ఏం మారింది? సంబంధం లేని నాలుగు జాతుల మొక్కలకు ఒకేసారి ఒకే రకం లక్షణం వస్తే అది తెగులు కావడం అరుదు. నీరు, ఎండ, మట్టి, పిచికారీ చేసిన మందు, వీటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరికి సంచిలో ఆకులిచ్చి, రెండోవారు అయిదు ప్రశ్నలు పూర్తయ్యేదాకా సలహా మాట ఎత్తకూడదని నియమం పెడతాను. ఈ ఆట చూడడానికి సులువుగా ఉంటుంది కాని, మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చాలామంది సలహా ఇవ్వకుండా ఉండలేక అవస్థ పడతారు. పురుగుమందుల విషయంలో మాత్రం నా దగ్గర ఆటలు లేవు. మోతాదును ఎవరూ జ్ఞాపకం నుంచి చెప్పకూడదు, డబ్బా మీది చీటీ చదివి చెప్పాలి. తెలియనప్పుడు తెలియదని, కనుక్కుని చెబుతానని అని, ఫోన్ నంబరు రాసుకుని, నిజంగానే కనుక్కుని చెప్పాలి.

అడగడం నేర్పిన నేను నా వాలంటీర్ల విషయంలో అడగకుండానే తీర్పు చెప్పిన సందర్భాలు ఉన్నాయి. ఒక ఉదయం కొత్తగా వచ్చిన ముగ్గురికి ఒక మడి చూపించి, కలుపు తీయమని చెప్పి, ఫోన్ వస్తే పక్కకు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మడి అద్దంలా ఉంది. అంతకు రెండు వారాల ముందు విత్తిన క్యారెట్ మొలకలు కూడా కలుపు గుట్టలో ఉన్నాయి. క్యారెట్ మొలక మొదట గడ్డిపోచలా సన్నని రెండు ఆకులతో వస్తుందని, ఈకల్లాంటి అసలు ఆకులు తర్వాతే వస్తాయని వారికి ఎవరు చెప్పారు? నాకు కోపం వచ్చింది, ముఖంలో అది కనిపించింది కూడా. ముగ్గురిలో ఒకరు మళ్ళీ రాలేదు. ఇప్పుడు కొత్తవారి చేతికి బొరిగె ఇచ్చే ముందు, ఉంచవలసిన మొక్క ఒకటి, తీయవలసిన మొక్క ఒకటి అరచేతిలో పెట్టి చూపిస్తాను.

రావడం మానేసినవారిని గురించి ఆసక్తి తగ్గిందని అనుకోవడం తేలిక. ఏళ్ళ తరబడి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నట్టుండి మానేస్తే నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను. మూడు నెలల తర్వాత ఫోన్ చేస్తే, మోకాళ్ళు వంగడం లేదమ్మా, పని చేయలేక ఊరికే వచ్చి కూర్చోవడానికి మొహం చెల్లలేదు అన్నారు. విత్తనాల రిజిస్టరు, మొలక శాతం పరీక్ష ఆవిడకు అప్పగించాము. తడి కాగితంలో పది విత్తనాలు చుట్టి, ఎన్ని మొలిచాయో లెక్క పెట్టి రాసే ఆ పని బల్ల ముందు కూర్చుని చేసేదే. అంతకుముందు దాన్ని శ్రద్ధగా చేసినవారు ఎవరూ లేరు.

గంటల లెక్క, చేతి తొడుగులు, ధనుర్వాతం టీకా, పిల్లలు వచ్చే రోజు పదునైన పనిముట్లు తాళం వేసి ఉంచడం, ఇవన్నీ మీకిచ్చిన పుస్తకంలో ఉన్నాయి కనుక వాటి జోలికి పోను. పుస్తకంలో లేనిది, అన్నీ తెలిసిన వాలంటీరుతో వేగడం. మా తోటలో ఒక పెద్దాయన కొమ్మ నరికిన ప్రతిచోటా ఎర్ర రంగు పూసేవారు. గాయానికి పూతపూస్తే కుళ్ళు పట్టదని ఆయన నమ్మకం, చిన్నప్పటి నుంచి అలాగే చూశారు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో ఎన్నో చెట్లను రంపంతో నిలువునా కోసి చూసి, చెట్టు గాయాన్ని మాన్పుకోదని, దాని చుట్టూ గోడ కట్టుకుని కుళ్ళును లోపలే బంధిస్తుందని, పైపూత కుళ్ళును ఆపదని తేల్చారు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే పట్టీని వదిలి, దానికి ఆనుకుని వెలుపల కోయడమే ముఖ్యం. ఈ సంగతి నలుగురిలో చెబితే ఆయన వినేవారు కాదు, వినవలసిన అవసరమూ లేదు. ఒక చచ్చిన చెట్టును తొలగించిన రోజు, మీరు రంగు పూసిన పాత కోత ఇందులో ఎక్కడుందని అడిగాను. ఆయనే చూపించారు, ఆయనే నిలువునా కోశారు. రంగు పొర కింద దుంగ గోధుమ రంగులో మెత్తబడి, వేలితో నొక్కితే పొడిగా రాలింది. ఆయన కాసేపు దాన్ని చూసి, రంగు డబ్బాకు మూత పెట్టేశారు.

మరుసటి వారం ఆ డబ్బా మళ్ళీ తెరిచారు. గడ్డిలో పడినా కనిపించేలా మా కత్తెరల పిడులన్నిటికీ ఎర్ర రంగు వేసి, ఆరడానికి గోడ మీద వరసగా పెట్టి ఉంచారు.