గుత్తి కొండ కింద కోణమానిని

అందరికీ నమస్కారం. నా వెనకాల కనబడేది గుత్తి కోట. గాలి బాగా ఉంది, మైకులో హోరు వస్తే కొంచెం సర్దుకోండి. ఈరోజు వాలులో కాల్చిన గుండు ఎక్కడ తగులుతుందో, ఆ వాలును ఎట్లా కొలవాలో చూద్దాం.

పోయిన నెల గండికోటకు పోయినప్పుడు అంచున కూచుని, కింద పెన్నను చూస్తూ మావాళ్లను ఒక ప్రశ్న అడిగాను. ఇక్కడినుంచి ఆ కింద ఒడ్డున పెట్టిన అట్టకు రైఫిల్‌తో గురి పెడితే గుండు ఎక్కడ తగులుతుంది? (అక్కడ ఎవరూ కాల్చకూడదు, ఇది ఉత్త లెక్క.) అందరిదీ ఒకటే మాట: కిందికే కదా పోతోంది, గురికి కిందనే తగులుతుందని. మరి కింది నుంచి కొండపైకి కాలిస్తే? ఎక్కలేక ఇంకా కిందికి దిగుతుందన్నారు. ఆర్మీలో చేసి వచ్చిన మా మామ ఒక్కడే నవ్వి, "రెండిట్లోనూ పైనేరా" అన్నాడు.

మామ చెప్పిందే నిజం. గుండు నాళం దాటిన క్షణం నుంచి భూమి దాన్ని లాగుతూనే ఉంటుంది. అందుకే దూరం పెరిగేకొద్దీ నాళం కాస్త పైకి లేచేలా స్కోపు (రైఫిల్ మీద గురి చూసే దుర్భిణి) మర తిప్పుతారు. ఎంత దూరానికి ఎంత తిప్పాలో చెప్పే పట్టికలన్నీ చదును నేలకు వేసినవి. వాలులో కాల్చినప్పుడు భూమి లాగుడు గుండు దారికి పూర్తిగా అడ్డంగా ఉండదు, కొంత దారి వెంబడే పోతుంది. నిట్టనిలువుగా పైకి కాల్చారనుకోండి, ఆ లాగుడు గుండు వేగాన్ని తగ్గిస్తుందే గానీ పక్కకు దించదు. వాలు ఎంత ఎక్కువైతే దిగుడు అంత తక్కువ. మనం మాత్రం చదును లెక్కతో తిప్పి కూచున్నాం, అందుకే పైన తగులుతుంది. పైకైనా అంతే, కిందికైనా అంతే.

ఎంత తగ్గించాలి? నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు గోడకు వేసిన నిచ్చెన నీడ చూడండి. నిచ్చెన పొడవు మీకూ గురికీ మధ్య ఉన్న దూరం. నేల మీద పడే నీడ మీరు లెక్కకు తీసుకోవాల్సిన దూరం. పదో తరగతిలో కొసైన్ అని బట్టీ పట్టింది దీన్నే. నిచ్చెన పొడవు 1 అనుకుంటే, నేల నుంచి 10 డిగ్రీల వాలుకు నీడ 0.985, అంటే పట్టించుకోనక్కర్లేదు. 20కి 0.94. 30కి 0.866. 45కి 0.707. కోణం పెరిగేకొద్దీ ఎట్లా జారిపోతోందో చూడండి.

ఇక పనిముట్లు. స్కోపు పక్కన బిగించే చిన్న చక్రం లాంటిది ఒకటుంది, కొసైన్ ఇండికేటర్ అంటారు. రైఫిల్ వంచితే అది 30 అని చూపదు, నేరుగా 0.87 అని చూపుతుంది. గురి పెట్టే టెన్షన్‌లో తలలో కొసైన్ వెతుక్కునే పని లేకుండా దూరాన్ని దాంతో గుణిస్తే సరిపోతుంది. నాకు బాగా నచ్చింది ఇదే, బ్యాటరీ కూడా అక్కర్లేదు. కానీ బిగించేటప్పుడు రైఫిల్‌ను కచ్చితంగా సమతలంగా పెట్టి 1.00 చూపేలా సరిచేసుకోవాలి. అక్కడ తప్పితే ఆ తర్వాత ప్రతిసారీ తప్పే. స్కోపు మీద కనబడే నీటి బుడగ వేరే పనికి. మేస్త్రీల రసమట్టంలాగ అది రైఫిల్ పక్కకు ఒరిగిందా లేదా చెబుతుంది, వాలు గురించి ఏమీ చెప్పదు. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు.

లేజర్‌తో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్లు ఇంకో దారి. ల్యూపోల్డ్, బుష్‌నెల్ లాంటి కంపెనీల వాటిలో కోణం కొలిచే సెన్సర్ లోపలే ఉంటుంది, సరిచేసిన దూరాన్నే తెర మీద చూపిస్తాయి. హాయిగా ఉంటుంది, కానీ జనం బోల్తా పడేది కూడా ఇక్కడే. ఆ సరిచేసిన దూరాన్ని తీసుకుపోయి గుండు దిగుడు లెక్కగట్టే ఫోన్ యాప్‌లో వేసి, మళ్లీ కోణం కూడా వేస్తారు. ఒకే తగ్గింపు రెండుసార్లు! యాప్‌కు కోణం ఇస్తే దూరం అసలుదే ఇవ్వాలి. గాలి గుండును పక్కకు నెట్టే లెక్కకూ అసలు దూరమే, ఎందుకంటే గుండు గాలిలో పోయేది నిచ్చెన పొడవంతా, నీడ పొడవు కాదు.

ఇంత తతంగం ఎందుకు, కళ్లతో అంచనా వేయకూడదా అంటారా? మామూలు .308 రైఫిల్ (గుండు మందం 0.308 అంగుళం), 500 మీటర్లు, 30 డిగ్రీల వాలు అనుకుందాం. వాలును అసలు పట్టించుకోకపోతే గుండు సుమారు ఒక అడుగు పైన తగులుతుంది. అదే వాలును కంటితో చూసి 45 అనుకుని తగ్గించారనుకోండి, అడుగుకు మించి కింద తగులుతుంది. అంటే తప్పు అంచనా కన్నా ఏమీ చేయకపోవడమే నయం. మన కన్ను ఎప్పుడూ వాలును ఎక్కువ చేసే చూస్తుంది.

మన దేశంలో మామూలుగా చూసే షూటింగ్ పోటీల్లో ఈ గొడవ లేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచింది 10 మీటర్లలో, 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం 50 మీటర్లలో, రెండూ చదును రేంజిలే. నేను ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టింది 25 మీటర్లలో, అదీ చదునే. కొండల్లో కాపలా ఉండే సైనికులకు మాత్రం ఇది రోజువారీ లెక్క. 1999లో కార్గిల్‌లో మనవాళ్లు కింది నుంచి శిఖరాల మీదికి పోరాడారు. ఆ ఎత్తులో గాలి పలచన, దానివల్ల గుండు ఇంకాస్త తక్కువ దిగుతుంది. వాలుకు తోడు అదొకటి.

సరే, మన సరంజామాకు వద్దాం. జామెట్రీ బాక్సులోని కోణమానిని, ఒక దారం, ఒక రాయి. మొత్తం పది ఇరవై రూపాయలు. కోణమానినిని తలకిందులు చేసి, దాని తిన్నని అంచు వెంబడి కోట బురుజును చూస్తున్నాను. సమతలంగా ఉంటే దారం 90 మీద ఉండాలి. ఎంత జరిగితే అంత వాలు. చూసే ముందు మావాడిని అడిగాను, "45 ఖాయమన్నా" అన్నాడు.

దారం గాలికి ఊగిపోతోంది చూడండి. అందుకే ఈ నీళ్ల గ్లాసు. మేస్త్రీ తూకం గుండును నీళ్లలో ముంచి నిలబెట్టినట్టు, రాయిని ఇట్లా ముంచితే... ఆ, నిలబడింది. రేయ్, నువ్వే వచ్చి చదువు.

69. తొంభైలోంచి తీసేస్తే 21 డిగ్రీలు.